భయం తీరేదాకా

నెమలివాక పట్నంలో పొయ్యి వెలిగించాలంటే కోటలో గంట మోగాలి. గంట మోగాక ఇంటికొకరు మూకుడు పట్టుకుని కోటవాకిట వరసలో నిలబడాలి. భటుడు కుంపట్లోంచి నిప్పు తీసి మూకుట్లో వేస్తాడు. ఆ నిప్పుతోనే వంట కావాలి, పొద్దు వాలేలోగా ఆ పొయ్యి ఆరిపోవాలి. పొగ కనబడితే కొండ మీది మృగం ఊరి మీద పడుతుందని ఏలిక ఆజ్ఞ.

ఒకనాడు మధ్యాహ్నం తిరిగాక, కర్రకు వేలాడే గాజుల మలారం దించుకుని మణికేతు ఆ వరస పక్కన చతికిలబడ్డాడు. అతను రత్నకూటం రాకుమారుడు. ఆ సంగతి ఆ పట్నంలో ఎరిగినది సింగి ఒక్కతే. ఆమె గాలికొండ పిల్ల. మొసళ్ల మడుగులో మునిగిపోతున్న అతన్ని జుట్టు పట్టుకుని గట్టు మీదికి లాగిన నాటి నుంచి వెంట వస్తున్నది. ఊళ్లలోకి వచ్చినప్పుడు గాజులవాడి పెళ్లాంగా నడుస్తున్నది.

వాళ్లు వెతుకుతున్నది మణికేతు అన్న శశికేతును. రత్నకూటంలో మహారాజు మాట తప్ప మరో మాట లేదు. ఎవరు ఏ రంగు కట్టాలో, ఏ పూట ఏ కూర వండాలో ఆయనే చెప్పేవాడు. ఒకనాడు నిండు కొలువులో శశికేతు లేచి, "ప్రజల కంచాల్లోకి తొంగిచూడడం రాజు పని కాదు నాన్నగారూ" అన్నాడు. ఆ సాయంత్రమే అతన్ని దేశం నుంచి వెళ్లగొట్టారు. కొంతకాలానికి మణికేతు కోటగోడ దిగి అన్న జాడ పట్టుకున్నాడు. ఊరూరా తిరిగిన ఆ జాడ ఈ పట్నం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏవయ్యా గాజులాయనా, తొడుగుతావా, చెయ్యి పట్టుకుని జాతకం చెబుతావా?" అంది ఒకావిడ. ఆమె కుండలు చేసే బంగారక్క. మణికేతు చేతిలో అప్పటికే ఆమె గాజు ఒకటి పగిలింది.

"ఇతనికి ఈ పని ఎవరు నేర్పారమ్మా?" అని ఆమె సింగిని అడిగింది.

"ఎవరూ నేర్పలేదక్కా. అదే కదా నా ఖర్మ."

వరసలో నవ్వారు. ఆ నవ్వు ముగియకముందే ముందువైపు తగువు మొదలైంది. మిరియాలూ ఇంగువా అమ్మే కామయ్య మూకుడు నేలకేసి కొట్టాడు.

"రాజన్నవాడు దొంగల్ని పట్టాలి. పొరుగువాడు దండెత్తితే అడ్డం నిలవాలి. ఆ రెండూ చేసి ఇంట్లో కూర్చోవాలి. నా పొయ్యితో ఆయనకేం పని?"

"నీ అంగడి నిండా సరుకుంది, నువ్వట్లాగే అంటావు" అన్నాడు వెనక నిలబడిన నేతగాడు కొండప్ప. "కరువొచ్చిన ఏడు నీ తలుపు తీశావా? గింజ ఎవరి గాదెలో ఉన్నా తీసి అందరికీ సమంగా పంచేవాడే నాకు రాజు."

"పంచేవాడు ముందు తన వాటా తీసుకుంటాడ్రా."

"తీసుకోనీ. నీ అంగడి ముందు నిలబడితే నాకు ఆ మిగిలిందీ లేదుగా."

"మా తాతల నాడు ఎట్లా జరిగిందో అట్లా జరిగితే చాలు" అన్నాడు గానుగ ముసలయ్య.

"మీ తాతల నాడు ఎద్దు లేకపోతే నీ చేతే గానుగ తిప్పించారు. మరిచిపోయావా?" అన్నాడు కొండప్ప.

"నోళ్లు మూసుకుని నిలబడండి" అంది బంగారక్క. "ఈ ఏలిక రాకముందు మా వీధిలో పిల్లలు గడప దాటారా? పొయ్యి పోతే పోయింది. నాకు నా పిల్లలున్నారు."

"మా కొండ మీద అసలు రాజే లేడు" అంది సింగి. వరస మొత్తం ఆమె వైపు తిరిగింది.

"తగువొస్తే?" అన్నాడు కామయ్య.

"కూర్చుని మాట్లాడుకుంటాం."

"తెగకపోతే?"

"ఆకలేసేదాకా మాట్లాడుకుంటాం. ఆకలేస్తే తెగుతుంది."

"పులొస్తే?"

"పరిగెడతాం" అంది సింగి.

వరస చివర ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె నాగులవ్వ, కోలసావిడి కాపరి. "మాకూ ఒకప్పుడు రాజు లేడు పిల్లా" అంటూ ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

ఆ ఊరి సావిడిలో ఒక కోల ఉంటుంది. దాన్ని పనికోల అంటారు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే ఆజ్ఞ. ఇచ్చేముందు కాపరి రెండు మాటలు అడుగుతుంది: ఏ పనికి, ఎంతవరకు. చెరువు గట్టు తెగితే గట్టు పూడ్చేదాకా ఇస్తారు. దొంగలు పడితే దొంగలు దొరికేదాకా ఇస్తారు. పని కాగానే ఇంటికొకరు వచ్చి కోల మీద చెయ్యి వేసి "అయింది" అంటారు. కోల చేతిని వదులుతుంది. ఆ కర్ర ప్రాణం ఉన్న కర్ర. గడువు లేకుండా పట్టుకుంటే చేతిలోకి వేరు దించుతుంది.

"మరి ఇప్పుడు?" అన్నాడు మణికేతు.

"కొండ మీద మృగం కొన్నాళ్లుగా అరుస్తుంటే, ఒక సాయంత్రం ఊరంతా సావిట్లో చేరి వణికాం నాయనా. ఒక పరదేశి మాత్రం కత్తి దూసి కొండవైపు నిలబడ్డాడు. కోల అతని చేతికిచ్చి, ఎంతవరకని అడిగాను. గుంపులోంచి ఎవడో 'భయం తీరేదాకా' అన్నాడు. అందరూ అదే మాట అన్నారు. గట్టయితే పూడ్చేస్తాం. భయానికి గట్టెక్కడుంది?"

అప్పుడే కొండ మీంచి అరుపు వచ్చింది. ముందు ఒక గొంతు, దాని వెంట ఇంకొకటి. గోడల మట్టి రాలింది. వరస చెదిరి మూకుళ్లు దొర్లాయి. తలుపులు వరసగా మూసుకున్నాయి. కోటగోడ మీదికి ఒక మనిషి వచ్చి, ఊరికీ కొండకీ మధ్య కోల పట్టుకుని నిలబడ్డాడు. అరుపు ఆగేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆ నిలబడే తీరు మణికేతుకు తెలుసు.

"సింగీ, అతనే" అన్నాడు.

* * *

ఏలిక పొద్దున్నే సావిట్లో కూర్చుని మొర వింటాడు. మణికేతు మలారంతో సహా లోపలికి వెళ్లాడు. శశికేతు తలెత్తి చూసి, మిగిలినవాళ్లను బయటికి పంపాడు. తలుపు మూసుకున్నాక అన్నాడు, "చిక్కిపోయావురా."

మణికేతు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. అన్న కుడిచేతి మీది శాలువా పక్కకు తీశాడు. అరచేయి ఎక్కడ ముగిసిందో, కోల ఎక్కడ మొదలైందో తెలియలేదు. వేళ్ల సందుల్లోంచి వేర్లు పైకి పాకి మోచెయ్యి దాటాయి, భుజం దాటాయి. చర్మం మీద బెరడు కట్టింది.

"నొప్పిగా ఉందా అన్నయ్యా?"

"మొదట్లో ఉండేది."

"తిన్నావా?"

శశికేతు నవ్వాడు. "ఎడంచేత్తో అలవాటు కాలేదు. సగం కింద పోస్తాను. భటుల ముందు బాగుండదని తినడం మానేశాను."

పక్కన కంచంలో అన్నం అట్లాగే ఉంది. మణికేతు చెయ్యి కడుక్కుని కలిపాడు. ముద్ద చేసి నోటికందించాడు. ఊరినేలే మనిషి తల వంచి తిన్నాడు. కొన్ని ముద్దలయ్యాక మణికేతు అడిగాడు, "కంచాల్లోకి తొంగిచూడడం రాజు పని కాదన్నది నువ్వే కదా. ఇప్పుడు పొయ్యిల్లోకి చూస్తున్నావేం?"

"అప్పుడు నాకు పిల్లల్లేరురా. ఇప్పుడు ఈ ఊరంతా పిల్లలే. పొగ చూసి మృగం దిగివస్తే ఎవర్ని పోగొట్టుకోను? ముందు పొయ్యి ఒక్కటే అనుకున్నాను. తరవాత బావి దగ్గర గుంపు వద్దనిపించింది. తరవాత పొలానికి ఒంటరిగా పోవద్దనిపించింది. ప్రతిదీ వాళ్ల మంచికే."

"నాన్నగారూ అదే అంటారు."

శశికేతు నమలడం ఆపాడు. "తెలుసు" అన్నాడు.

"ఆ వేరు గుండెను తాకితే?"

"మాను అవుతానట. అయితే ఏం, మానుగా కూడా కాపలా కాస్తాను. నువ్వు ఇంటికి పో మణీ. అమ్మ దగ్గర ఒక్కడన్నా ఉండాలి."

వేరు కొస మెడ కింద ఎముక దగ్గర ఉంది. మణికేతు చూస్తుండగానే అది గోరంత జరిగింది. అతను మూతి తుడిచి, శాలువా కప్పి, అన్న మోకాలి మీద ఒకసారి చెయ్యి వేసి లేచాడు. ఇంటికి పోలేదు. సింగిని తీసుకుని కొండ ఎక్కాడు.

* * *

కొండదారికి అడ్డంగా ఒక ఎండిన వాగు ఉంది. సింగి కాలు పెట్టగానే ఇసుక కదిలింది. ఇసుకలోంచి పాములు లేచాయి, తాళ్లు నిలబెట్టినట్టు. మణికేతు మలారం కర్రలో దాచిన కత్తి కోసం చెయ్యి పెట్టాడు. సింగి అతని చేతిలోంచి మలారం లాక్కుని గాజుల సరాలు తెంపి పల్లానికి విసిరింది. గాజులు రాళ్ల మీద గలగలమని దొర్లాయి. ఆ కదలిక వెంట పాములన్నీ పల్లానికి మళ్లాయి.

"నా సరుకంతా పోయింది" అన్నాడు మణికేతు.

"నువ్వు తొడిగితే మాత్రం మిగిలేదా?" అని ఆమె వాగు దాటింది.

కొండ నడుమ గుహ. దాన్ని ఎవరు చెక్కారో గాని శంఖంలా చెక్కారు. లోపల ముత్యపు చిప్ప రంగు గోడలు మెలికలు తిరుగుతూ పోయి ఒక గుంట దగ్గర ముగిశాయి. గోడల నిండా స్ఫటికాలు. చిన్న వెలుగు పడితే ఒకదాన్నుంచి ఒకటి అందుకుని గుంట దాకా మోస్తున్నాయి. శబ్దాన్నీ అట్లాగే మోస్తున్నాయి. సింగి నిట్టూరిస్తే గుహవాకిట గాలిదుమారం లేచినట్టు వినిపించింది. శంఖం నోరు ఊరి వైపుకు తెరిచి ఉంది.

గుంటలో మేకపిల్లంత పక్షి కూన ఉంది. ఒక ఒంటికి రెండు తలలు. గండభేరుండం కూన అది. నూగు ఇంకా రాలలేదు. కాలికి గొలుసు వేసి రాతికి కట్టారు. అందనంత దూరంలో ఒక కర్రకు తల్లి ఈక వేలాడదీశారు. కూన ఈక వైపు సాగి, అందక, వెనక్కి పడుతున్నది. ఒక తల ఏడుస్తుంటే రెండోది దాని కన్ను నిమురుతున్నది.

"సాయంత్రం పూట ఈ ఈకను ఊపి చూపిస్తాడు ఎవడో" అంది సింగి. "తల్లి కోసం ఏడుస్తుంది. ఊరికి మృగం అరిచినట్టు వినిపిస్తుంది."

ఆమె గుంటలోకి దిగి ఈక తీసి కూన ముందు పెట్టింది. కూన రెండు తలలూ దాని కిందికి దూర్చి నోరు మూసుకుంది. గుహ అంతా నిశ్శబ్దమైంది.

"బాగుంది" అన్నది ఒక గొంతు.

గోడ పక్కన పొగ మనిషి రూపం కట్టింది. మాంత్రికుడు ధూమకంఠుడు. "ఆ రోజు సావిట్లో నేను అన్నది ఒక్క మాట. భయం తీరేదాకా. మిగిలిందంతా ఊరే చేసింది, మీ అన్న చేశాడు. మంచివాడు. చెడ్డవాడి చేతిలో కోల ఇంత త్వరగా వేరు పట్టేది కాదు, వాడు అందరికీ పనికిరాని ఆజ్ఞలిచ్చి తన్నులు తినేవాడు. మీ అన్న మాను కాగానే ఆ మానులోంచి ఒక కోల చెక్కుకుంటాను. దాన్ని వెనక్కి అడిగే హక్కు ఎవరికీ ఉండదు."

మణికేతు కత్తి దూసి అతని మీదికి ఉరికాడు. కత్తి పొగలోంచి పోయి రాతికి తగిలింది. ధూమకంఠుడు చెయ్యి విసిరాడు. నిప్పురవ్వలు పడి మణికేతు తలపాగా అంటుకుంది. అతను దాన్ని ఊడదీసి మాంత్రికుడి ముఖాన కొట్టి, రెండో వేటు గొలుసు మీద వేశాడు. గొలుసు తెగింది. సింగి కూనను చంకనెత్తుకుంది. ఇద్దరూ గుహ నోట్లోంచి దూకి, గులకరాళ్ల మీద జారుతూ, పొదలు పట్టుకుంటూ, వాగు దాకా దొర్లారు. వెనక పొగ కొండ శిఖరం వైపు లేచింది.

"అటెందుకు పోతున్నాడు?" అన్నాడు మణికేతు.

"తల్లిని అక్కడ దాచి ఉంటాడు" అంది సింగి. "నడు."

* * *

ఆ సాయంత్రం కొండ అరవలేదు. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మణికేతు కూనను సావిడి మెట్టు మీద దించి, కనబడ్డవాళ్లందరికీ గుహ సంగతి చెప్పాడు. జనం మొదట దూరం నుంచి చూశారు. తరవాత దగ్గరికి వచ్చారు. కూన ఒక తలతో కామయ్య పంచె కొస పట్టుకుని లాగింది, రెండో తలతో తుమ్మింది.

"దీనికోసమా నేను పిల్లల్ని గదిలో పెట్టి గడియ వేసింది?" అని బంగారక్క మెట్టు మీద కూలబడింది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియలేదు.

శశికేతును తీసుకొచ్చి సావిడి మధ్య కూర్చోబెట్టారు. వేరు కొస గుండె మీదికి వచ్చేసింది. ఇంటికొకరు వచ్చి కోల మీద చెయ్యి వేశారు. కొండప్ప "తీరింది" అన్నాడు. కామయ్య "తీరింది" అన్నాడు. ముసలయ్య, బంగారక్క, ఒకరి వెనక ఒకరు. మాట పడినకొద్దీ వేరు వెనక్కి తగ్గింది. భుజం దిగింది, మోచెయ్యి దిగింది. అరచేతి దగ్గరికి వచ్చి నిలిచిపోయింది.

"ఎవరో ఒకరు అనలేదు" అంది నాగులవ్వ.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మణికేతు అన్న ముఖం చూశాడు.

"అనంది నువ్వే కదూ."

"ఏమని అనమంటావురా?" శశికేతు గొంతు తగ్గించాడు. "రేపు ఇంకోటి వస్తుంది. వీళ్లు పరిగెత్తుకుంటూ ఈ గడపలోకే వస్తారు. వట్టి చేతుల్తో వాళ్లకు ఏం చెప్పను?"

మాట పూర్తి కాకముందే సావిడి మీద నీడ పడింది. తల్లి గండభేరుండం. ఒక రెక్క తూర్పు వీధినీ, ఇంకో రెక్క పడమటి వీధినీ కప్పింది. దాని మెడల చుట్టూ పొగ పగ్గంలా చుట్టుకుని ఉంది. గోళ్లు తగిలి సావిడి కప్పు పెంకులు రాలాయి. జనం అరుస్తూ శశికేతు చుట్టూ మూగారు. "ఏలికా, మమ్మల్ని చూడు." "ఏలికా, ఏం చెయ్యమంటావో చెప్పు." ప్రతి పిలుపుకూ వేరు ఒక అంగుళం పైకి పాకింది. శశికేతు లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో నెమ్మది కనబడింది. తన అవసరం మళ్లీ వచ్చిన మనిషి ముఖం అది.

మణికేతు అన్న చేతి మీద తన అరచెయ్యి వేశాడు.

"భయం లేదని అనొద్దు అన్నయ్యా. నాకూ ఉంది. భయం ఉండగానే వదులు."

"వీళ్లు?"

"వదులు నాయనా" అన్నది బంగారక్క. ఆమె ఇద్దరు పిల్లల్నీ రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉంది. "నీ ఒక్కడి చెయ్యి ఎంతమందికని? మా పిల్లల్ని మేం పట్టుకుంటాం."

శశికేతు ఆమెను చూశాడు. పిల్లల్ని చూశాడు. వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. ఒక్కో వేలితో ఒక్కో వేరు చర్మాన్ని చీల్చుకుంటూ బయటికి వచ్చింది. చివరి వేలు విప్పేటప్పుడు అతను "అమ్మా" అన్నాడు. కోల నేల మీద పడింది. మణికేతు అన్నను పట్టుకుని కూర్చోబెట్టాడు.

పైన పెంకులు రాలుతూనే ఉన్నాయి. నాగులవ్వ కోల అందుకుంది. అడగవలసింది అడిగింది. "ఏ పనికి?"

"పిల్లను తల్లికి చేర్చడానికి" అన్నాడు కొండప్ప.

"ఎంతవరకు?"

జనంలో ఎవరికి వాళ్లు ఆలోచించుకుంటున్నారు. "తల్లి పిల్లను ముక్కుతో ముట్టేదాకా" అన్నాడు కామయ్య. "ఆపైన ఒక్క ఘడియ కూడా వద్దు."

"ఈమాటు వీడు సరిగ్గా చెప్పాడు" అన్నాడు కొండప్ప.

మణికేతు చెయ్యి చాచాడు. సింగి ఆ చేతి మీద ఒకటి కొట్టింది. "రాజుల కొడుకువి. నీకిస్తే వదలవు."

"అందుకే నువ్వు పక్కన ఉండు" అన్నాడు అతను. "వదలకపోతే జుట్టు పట్టుకుని లాగు."

కోల చేతిలోకి రాగానే అరచేతిలో చీమ పాకినట్టయింది. కూనను గుండెకు హత్తుకుని అతను గోడ పట్టుకుని కప్పు మీదికెక్కాడు. వెనకనే సింగి. కూన రెండు గొంతులతో తల్లిని పిలిచింది. తల్లి ఒక తల వెంటనే పిల్ల వైపు తిప్పింది. రెండో తలను పొగ గట్టిగా బిగించి ఉత్తరానికి లాగుతున్నది. పక్షి రెండు వైపులా తన్నుకుని, పిల్ల దక్కకుండా వెళ్లలేక, గోరు చాచి మణికేతును పిల్లతో సహా ఎత్తుకుంది. సింగి అతని నడుం వాటేసుకుంది. కాళ్ల కింద కప్పు లేదు.

ధూమకంఠుడు పక్షిని మంచుకొండల వైపు మళ్లించాడు. తల్లి ముక్కుకీ పిల్ల తలకీ మధ్య పొగ అడ్డం నిలిచింది. గడువు తీరే దారి మూసుకుపోయి, మణికేతు అరచేతిలో మొదటి వేరు దిగింది.

అతను కిందికి చూశాడు. సావిడి ముందు జనం అంతా తలలెత్తి ఉన్నారు. వాళ్ల మధ్య శశికేతు నిలబడ్డాడు. బంగారక్క కొంగు చింపి అతని కుడిచేతికి కట్టు కడుతున్నది. అతను ఆ చేతిని ఆమె దగ్గర్నుంచి విడిపించుకుని పైకెత్తాడు. అందులో ఆజ్ఞ ఏమీ లేదు. తమ్ముణ్ణి సాగనంపే అన్న ఊపే చెయ్యి అది. మబ్బు అడ్డం వచ్చేదాకా ఊపుతూనే ఉన్నాడు.